ఊపిరి వినే గింజ

దమయంతి ఒకచోట కుదురుగా కూర్చోవడం మానేసి చాలా రోజులైంది.

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. పెరట్లో ఎండిన కొబ్బరి మట్టలన్నీ ఈడ్చుకొచ్చి ఒక మూల పేర్చి, అక్కడ బాగోలేదని ఇంకో మూలకు మార్చింది. మధ్యలో రెండుసార్లు వీధిలోకి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి, ఏం మాట్లాడిందో మరిచిపోయి తిరిగొచ్చింది. విశాఖ నుంచి తొలి బస్సుకి వచ్చిన ఆడపడుచు ఢిల్లేశ్వరి అరుగు మీద టీ గ్లాసు పట్టుకుని ఆమెనే చూస్తూ కూర్చుంది. ఏడాది కిందట ఇదే మనిషి మంచం నుంచి గడప దాకా రావడానికి మధ్యలో ఆగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకునేది.

"నీకు దండం పెడతానే ఢిల్లీ," అన్నాడు అన్నయ్య కూర్మారావు, కొబ్బరికాయలు మోసే తన ఆటో టైరు తుడుస్తూ. "దాని సేతిలో ఎట్టిన ఆ గింజకేటైనా సిచ్చుంటే సెప్పు. కాసేపు ఆపుకుంటాను. నాను కూకుంటే లెగమంతాది, లెగిస్తే కూకున్నకాడ తుడవాలంతాది."

"ఆపుతాడట, ఆపుతాడు!" దమయంతి చీపురు గాల్లో ఆడించింది. "మంచం మీదున్నన్నాళ్ళూ లెగు లెగు అని పాణం తీసినాడు. ఇప్పుడు లెగిస్తే సిచ్చు కావాలట!"

ఢిల్లేశ్వరి పకపకా నవ్వింది. ఈ నవ్వు కోసమే కదా అంత చదువు చదివింది, అన్నేళ్ళు గాజు పలకల మీద కణాలు పెంచుతూ కళ్ళు పాడుచేసుకుంది. నవ్వుతూనే వదిన ముఖం కేసి చూసింది. పాలిపోయి మైనంలా ఉండే ముఖం ఇప్పుడు బుగ్గల దగ్గర ఎర్రగా, కళ్ళల్లో జీరలతో కణకణలాడుతోంది. వీధిలోవాళ్ళంతా మందారంలా ఉన్నావంటున్నారనీ, రోజూ దిష్టి తీసుకుంటున్నాననీ దమయంతి గొప్పగా చెప్పుకుంది.

ఉద్దానంలో కిడ్నీలు చెడిన మనుషులు వింత కాదు. జీడితోటల మధ్య ఉన్న వాళ్ళ ఊరు లింగాలపాడులో వీధికొకరైనా ఉంటారు. ఎందుకు చెడుతున్నాయో పెద్ద పెద్దవాళ్ళే తేల్చలేకపోయారు. దమయంతి కిడ్నీలు నలభై దాటగానే పని మానేశాయి. రక్తం వడగట్టే పని డయాలసిస్ యంత్రం చేసిపెట్టేది. అయితే కిడ్నీకి ఇంకో పని ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. అది రాత్రింబవళ్ళు రక్తంలో ఎంత ప్రాణవాయువు ఉందో రుచి చూస్తూ ఉంటుంది. తగ్గిందా, ఎముకల మూలుగకి కబురు పెడుతుంది, ఎర్రకణాలు తయారుచెయ్యమని. ఆ కబురే ఒక హార్మోను. కిడ్నీ చచ్చిపోతే కబురు ఆగిపోతుంది, రక్తం పలచబడిపోతుంది. ఇంజెక్షన్లు ఉన్నాయి గాని, అవి వేసిన వారం ఒకలా, వెయ్యని వారం ఒకలా.

ఢిల్లేశ్వరి కనిపెట్టినది బియ్యపుగింజంత డొల్ల. లోపల రోగి ఒంట్లోంచే తీసి, కిడ్నీ చేసే పని నేర్పిన కణాలు ఉంటాయి. జబ్బలో చర్మం కింద పెడితే, అవి చుట్టూ ఉన్న ఊపిరిని, అంటే ప్రాణవాయువుని, వింటూ ఉంటాయి. కరువైతే కబురు పంపుతాయి, నిండితే నోరు మూసుకుంటాయి. లాబ్‌లో అందరూ దాన్ని గింజ అనేవారు. ఈ సంగతి దమయంతి వీధిలోవాళ్ళకి ఇంకా బాగా చెప్పేది.

"డబ్బాలో బియ్యం అయిపోతే ఇంట్లో ఆడది కేకేస్తాది కదా, అలగ. నా కిడ్నీ కేకెయ్యడం మానీసింది. మా ఢిల్లీ నా సేతిలో ఒకదాన్ని కూకోబెట్టింది, అది కేకేస్తాది."

మనుషుల మీద మొదటి ప్రయోగానికి పదిమందిని తీసుకున్నారు. అయినవాళ్ళను తను ఎంపిక చెయ్యకూడదు గనక ఢిల్లేశ్వరి పక్కకి తప్పుకుంది. ఆమెతో కలిసి పనిచేసే డాక్టర్ ఉమాపతి దమయంతిని పరీక్షించి, తగునని తేల్చి, ప్రయోగాల మంచిచెడ్డలు చూసే పెద్దల కమిటీ చేత ఒప్పించాడు. ఆ పదిమందిలో అందరికంటే త్వరగా కోలుకున్నది ఆమే.

ఢిల్లేశ్వరికి తల్లి పోయేనాటికి ఏడేళ్ళు. దమయంతి అప్పటికి కొత్త పెళ్ళికూతురు. మంచంలో ఉన్న అత్తగారు తన జబ్బకున్న వెండి దండకడియం లాగి కోడలి జబ్బకి తొడిగి, ఈ గుంట నీ కూతురనుకో అంది. అంతే. ఆ మాట మీద దమయంతి పలాస కార్ఖానాల్లో జీడిపిక్కలు కొట్టి, పిక్కల జిడ్డుకి వేళ్ళు కాలి నల్లబడిపోయినా లెక్కచెయ్యకుండా, ఆడపడుచుని చదివించింది. కడియం మాత్రం జబ్బ మీదనుంచి కదల్లేదు.

"వదినా, నీళ్ళు కాగాయి, పోసుకోవా?"

దమయంతి స్నానం చేసి వచ్చింది. వచ్చి, అరుగు మీద కూలబడి, రెండు చేతులతోనూ కాళ్ళు, వీపు, మెడ బరబరా గీరుకోవడం మొదలుపెట్టింది. గోళ్ళ వెంట ఎర్రటి చారలు లేచాయి.

"ఏమిటిది? ఎప్పట్నుంచి?"

"యేన్నీళ్ళు పోసుకుంటే ఇంతే. కిడ్నీ ఒళ్ళుకి దురద ఉంటాది కదేటి? మొదట్నుంచీ ఉన్నదే."

ఉన్నదే. డయాలసిస్ మనుషులకి దురద మామూలే. ఢిల్లేశ్వరి కొబ్బరినూనె తెచ్చి వదిన వీపుకి రాసింది. రాస్తున్నంతసేపూ, వేడినీళ్ళకే ఎందుకు రావాలి అన్న మాట మాత్రం పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

*

"పద్దెనిమిది దాటింది," అన్నాడు ఉమాపతి.

విశాఖ లాబ్‌కి పరీక్షకి వచ్చిన దమయంతి బయట వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, అక్కడున్న కుండీల్లో ఎండుటాకులు ఏరుతోంది. ఆమె హిమోగ్లోబిను ఒకప్పుడు ఆరు. పన్నెండుకి చేరిన రోజున లాబ్‌లో మిఠాయి పంచుకున్నారు. అక్కడ ఆగాల్సింది ఆగలేదు.

"గింజ అరుస్తూనే ఉందంటావా?" అంది ఢిల్లేశ్వరి.

"అదే కదా తలనొప్పి. హార్మోను చూడండి. ఉండీ లేనట్టుంది. గింజ నోరు మూసుకునే ఉంది మేడమ్. మరి మూలుగకి ఎవరు చెప్తున్నారు?"

వదినని లోపలికి పిలిచి, జబ్బ మీద వాయువు కొలిచే పట్టీ అంటించి చూశారు. గింజ చుట్టూ ఊపిరి పుష్కలంగా ఉంది. అది చేయాల్సిన పని అది చక్కగా చేస్తోంది. మిగిలిన తొమ్మిదిమందిలోనూ చేస్తోంది. ఇక మిగిలింది ఒకటే అనుమానం, మూలుగే ఎవరి మాటా వినకుండా సొంతంగా కణాలు తయారుచేస్తోందేమోనని.

ఆ రోజు ఢిల్లేశ్వరి వదిన జబ్బకేసి చూసింది కూడా. కడియం లేదు. ప్రయాణంలో వెండి సరుకు ఎందుకని ఇంట్లో పెట్టి వచ్చిందనుకుంది. అంతకుమించి ఆలోచించలేదు.

"తీసేద్దాం," అన్నాడు ఉమాపతి. "కారణం తర్వాత వెతుక్కోవచ్చు. రక్తం బెల్లం పాకంలా చిక్కబడుతోంది. మీరు చెప్పిన ఆ వేడినీళ్ళ దురద కూడా అందుకే. ఏ నరంలో అడ్డుపడినా..."

"గింజ తప్పు లేదని నువ్వే అన్నావు కదా? తప్పు లేనిదాన్ని తీస్తే ఏమొస్తుంది? మూలుగ పరీక్షలు రానీ. అందాకా కొంచెం రక్తం తీద్దాం."

అన్నీ సబబైన మాటలే. కాని ఆ మాటలు అంటున్నది శాస్త్రవేత్తా, వాకిట్లో చీపురు ఆడించిన వదినని మళ్ళీ మంచం మీద చూడలేని పిల్లా అన్నది ఆమెకే తెలియలేదు. ఉమాపతి కాసేపు ఆమె ముఖంలోకి చూసి, సరేనన్నాడు.

సంచీలోకి రక్తం దిగుతుంటే దమయంతి నోరు ఊరుకోలేదు.

"ఎందరి కాళ్ళు పట్టుకుని ఎక్కించుకున్న రగతమే ఇది! మీ అన్న ఆటో ఏసుకుని ఊరూరా తిరిగినాడు, ఎవలిస్తారా అని. ఇప్పుడేటి, తీసి పారబోస్తారా?"

"ఎక్కువైంది వదినా."

"ఎక్కువైతే మంచిదే కదే. ఇన్నాళ్ళు నేక సచ్చినాం."

ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి చెయ్యూపింది. తలనొప్పిగా ఉందని కణతలు నొక్కుకుంటూనే ఊపింది. ఢిల్లేశ్వరి లాబ్‌కి తిరిగొచ్చి ఒక్క పనీ చేయలేకపోయింది. సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది, లేచింది, కిటికీ తెరిచింది, మూసింది. తొమ్మిదిమందికి లేనిది ఈ ఒక్క మనిషికి ఏమిటి? పాత చిట్టెలుకల ప్రయోగాలన్నీ తిరగేసింది. గింజను ఉప్పునీళ్ళలో, చల్లటి నీళ్ళలో, పులిసిన నీళ్ళలో ముంచి చూసింది. అది ప్రతిసారీ బుద్ధిమంతురాలిలా సరైన జవాబే చెప్పింది. ఢిల్లేశ్వరికి దాని మీద కోపం కూడా వచ్చింది. తప్పు చేసే యంత్రాన్ని బాగుచెయ్యొచ్చు, తప్పు చెయ్యని దాన్ని ఏం చేస్తాం?

*

మూలుగ పరీక్షలో ఏమీ లేదని తేలిన రోజునే కూర్మారావు ఫోను చేశాడు.

దమయంతి మళ్ళీ జీడి కార్ఖానాకి పోవడం మొదలుపెట్టింది. పోవద్దంటే వినలేదు. ఇంట్లో కూర్చుంటే ఒళ్ళు ఊరుకోవడం లేదంది. మధ్యాహ్నం వేళ ఆడవాళ్ళందరితో పాటు వరసలో కూర్చుని పిక్క చీలుస్తుంటే చేతిలో కత్తి జారింది. తీసుకోబోయింది. వేళ్ళు కత్తి మీద పడ్డాయి గాని పట్టుకోలేదు. పక్కనున్నామె ఏమైందే అంటే, ఏదో చెప్పబోయింది. నోరు ఒక పక్కకి పోయింది.

"నాకు బయమేస్తందే," అన్నాడు కూర్మారావు. కొబ్బరికాయల ఆటోలో పెళ్ళాన్ని పడుకోబెట్టుకుని డయాలసిస్ సెంటరుకి చేర్చి, అక్కడనుంచి అంబులెన్సులో బయలుదేరాడు. "నన్ను సూత్తంది గాని, మాటాడతా లేదు."

అంబులెన్సు వచ్చేసరికి ఢిల్లేశ్వరి విశాఖ ఆసుపత్రి గుమ్మంలోనే నిలబడి ఉంది. మెదడులో సన్నటి నరానికి చిక్కటి రక్తం అడ్డుపడిందని స్కానింగ్ చెప్పింది. గడ్డ కరిగించే మందు మొదలుపెట్టారు. రక్తం తీసి, దాని బదులు సెలైను ఎక్కించడానికి ఏర్పాట్లు చేస్తున్నారు. అంతా చకచకా నడుస్తోంది. దమయంతి కళ్ళు మాత్రం ఒక్క ఢిల్లేశ్వరినే వెతుక్కుంటూ, ఆమె ఎటు జరిగితే అటు తిరుగుతున్నాయి.

"మేడమ్, ఈ నగ రావడం లేదండీ. బీపీ పట్టా ఎలా కట్టను?" అంది సిస్టర్.

ఎడమ చేతికి డయాలసిస్ కోసం నరం కలిపి ఉంది, దానికి ఏదీ కట్టకూడదు. కుడి జబ్బకి, మోచేతికి కాస్త పైన, అమ్మ కడియం ఉంది. చుట్టూ కండ ఉబ్బి, కడియం సగం అందులో కూరుకుపోయి ఉంది. ఢిల్లేశ్వరి వంగి చూసింది. కడియం లోపలి వైపు దారం చుట్టలు చుట్టలుగా కనిపించింది. నల్లటి పట్టుదారం. ఆపరేషన్లలో కుట్లు వేసే దారం.

ఆ దారం చుట్టింది తనే.

గింజ పెట్టిన రోజు. చిక్కి సగమైన వదిన చేతికి కడియం నిలవక మణికట్టు దాకా జారిపోతోంది. అప్పటికే డయాలసిస్ కోసమని ఎడమ జబ్బనుంచి కుడి జబ్బకి మార్చుకుంది. ఎక్కడైనా పడిపోతుందేమోనని దమయంతి బెంగపెట్టుకుంటే, వదులైన ఉంగరానికి ఎవరైనా చేసే పనే ఢిల్లేశ్వరి చేసింది. దారం చుట్టి బిగువు చేసింది. చేతికందిన దారం లాబ్‌లోది. నూలు దారమైతే ఈ పాటికి నీళ్ళకి నాని, చివికి, తెగిపోయి ఉండేది. ఇది తెగే రకం కాదు.

గింజ పనిచేసింది. రక్తం పట్టింది. ఆకలి పుట్టింది. వదిన తిన్నది. చెయ్యి నిండింది. నిండిన చేతి మీద దారంతో సహా కడియం బిగిసింది. దాని కింద, చర్మంలో, గింజ ఉన్నచోట రక్తం ఆడడం తగ్గింది. గింజకి తెలిసిన లోకమంతా ఆ బెత్తెడు చోటే. ఊపిరి ఆడడం లేదు, మనిషి చచ్చిపోతోందని అది కేకేసింది. మూలుగ ఆ కేక నమ్మింది.

"అన్నయ్యా," అంది ఢిల్లేశ్వరి. "పరీక్షకి వచ్చేటప్పుడు వదిన కడియం తీసేసేదా?"

"తీసీదే కదా. మొదటిసారి ఒచ్చినప్పుడు ఇక్కడ సిస్టరమ్మ కసిరినాది, పట్టా కట్టడానికి అడ్డని. ఆ మరనుంచి ముందురోజు సాయంత్రమే సబ్బు రాసి లాగీసుకునీది. ఇంటికి రాగానే మళ్ళీ ఏసుకునీది. మన ఊరి డయాలసిస్ సెంటర్లో అయితే ఆ పిల్ల మనకి తెలిసిందే కదా, కడియానికి పైన కట్టీసుకునీది పట్టా." కూర్మారావు ముఖం తుడుచుకున్నాడు. "బిగిసిపోతంది, ఒగ్గీయే అని నాను సెప్పినాను. ఒళ్ళు పట్టింది కాబట్టే బిగిసింది, మంచిదే కదా అని సంబరపడిపోనాది. ఏటి, ఏటైనాదే?"

ముందురోజు సాయంత్రం. తెల్లారేసరికి గింజకి ఊపిరి ఆడుతుంది, హార్మోను దిగిపోతుంది, బుద్ధిమంతురాలిలా లాబ్‌కి వస్తుంది. తాము చూసినదంతా కడియం లేని దమయంతినే.

"కోసెయ్యాలి," అంది ఢిల్లేశ్వరి.

"అమ్మ వస్తువే అది!" అని కూర్మారావు ఒక అడుగు ముందుకు వేశాడు. ఏడాది ముందైతే ఢిల్లేశ్వరి కూడా ఆ మాటే అనేది. మంచం మీద దమయంతి ఎడమ చెయ్యి కదిలింది. రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి కడియం చూపించింది. వంకరపోయిన నోటితో ఏదో అంది. అక్షరాలు లేవు గాని, కసురుకుంటోందని ఇద్దరికీ తెలిసింది. కూర్మారావు ఆగిపోయాడు.

ఆసుపత్రిలో ఉంగరాలు కోసే చిన్న పరికరం దానికి చాలలేదు. కరెంటు పనులు చేసే అతను కటింగ్ ప్లేయరు, ఆకురాయి తెచ్చాడు. చర్మానికి తగలకుండా స్టీలు గరిట కాడ అడ్డుపెట్టి ఢిల్లేశ్వరి పట్టుకుంది. అతను ఆకురాయితో కడియం మీద రాయసాగాడు. వెండి అరుగుతున్న చప్పుడుకి పళ్ళు జివ్వుమన్నాయి. టక్కుమని తెగి కడియం విచ్చుకుంది. దాని కింద చర్మం తెల్లటి పట్టీలా పాలిపోయి ఉంది, దారం అచ్చులతో సహా. ఢిల్లేశ్వరి బొటనవేలితో నొక్కి వదిలి, ఎరుపు తిరిగి వస్తుందా అని చూస్తూ నిలబడింది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వచ్చింది.

*

"అయితే గింజ తప్పు లేదన్నమాట!" ఉమాపతి ఊపిరి పీల్చుకున్నాడు. వరండాలో ఇద్దరే ఉన్నారు. లోపల దమయంతి నిద్రపోతోంది. ప్రాణానికి భయం లేదన్నారు. మాట మెల్లగా వస్తుందట. కుడి చేతి వేళ్ళ సంగతి మాత్రం చెప్పలేమన్నారు. "రోగులకిచ్చే సూచనల్లో ఒక్క వాక్యం కలిపితే సరి. జబ్బకి బిగుతైన నగలు వేసుకోరాదు. అంతే కదా."

"బిగుతు జాకెట్టు చేతులు?"

"అవీ వద్దందాం."

"బరువైన సంచీ జబ్బకి తగిలించుకుంటే? ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే? పసిపిల్లను జబ్బ మీద పడుకోబెట్టుకునే తల్లికి ఏం చెప్తావు ఉమాపతీ, ఎత్తుకోవద్దనా?"

ఉమాపతి చేతిలోని సూచనల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక మూల ఊపిరి విని, ఒళ్ళంతటి తరఫున కేకెయ్యమన్నాం దాన్ని. ఈ పని కిడ్నీకే ఎందుకు వచ్చిందో ఇన్నేళ్ళు ఆలోచించనే లేదు నేను. వీపు వెనక, ఎముకల చాటున, కొవ్వులో పొదువుకుని, ఏ కడియమూ నొక్కలేని చోట ఉంటుంది. దానికి రక్తం ఎప్పుడూ ధారాళంగా అందుతుంది. అందుకే అది చెప్పే మాట నమ్మదగ్గది. మనం జబ్బ ఎందుకు ఎంచుకున్నాం? పెట్టడం సులువు, తియ్యడం సులువు. మనకి సులువు."

"తొమ్మిదిమంది బాగున్నారు మేడమ్. తీసేస్తే మళ్ళీ వాళ్ళంతా..."

"తెలుసు."

అందరి గింజలూ తీసెయ్యాలని చెప్పే ఆ ఫోన్లు తనే చేసింది. కంచిలిలో ఉండే ఒక రిటైర్డు మేష్టారు అంతా ఓపిగ్గా విని, చివరికి ఒక్కటే అడిగారు. "అయితే అమ్మా, మనవరాలితో మేడ మీదికెక్కి గాలిపటం ఎగరెయ్యడం ఇక కుదరదంటారా?" ఢిల్లేశ్వరి ఫోను చెవికి ఆనించుకునే ఏడ్చింది. ఆయనే ఊరుకో తల్లీ అని సముదాయించారు. కమిటీకి రాసిన దానిలో ఆమె దేన్నీ దాచలేదు. దారం ఎవరు చుట్టారో, తియ్యమన్నప్పుడు వద్దన్నది ఎవరో కూడా రాసింది.

*

కొబ్బరిచెట్ల మీద ముసురు పట్టి ఉన్న ఒక పొద్దున ఢిల్లేశ్వరి లింగాలపాడు వెళ్ళింది.

దమయంతి అరుగు మీద కూర్చుని ఉంది. కదలకుండా కూర్చుని ఉంది. గింజ తీసేశారు. ముఖంలో ఎరుపు దిగిపోయింది, ఇంజెక్షన్లు మళ్ళీ మొదలయ్యాయి, వేసిన వారం ఒకలా వెయ్యని వారం ఒకలా. కుడి చేతి వేళ్ళు ఒళ్ళో అరముడుచుకుని ఉన్నాయి. వాటితో ఇక పిక్క పట్టుకోలేదు.

కూర్మారావు చెల్లెల్ని ఆటో దగ్గరికి తీసుకుపోయి, టైరు కేసి చూస్తూ అన్నాడు. "సిచ్చు అడిగినాను కదే ఆ రోజు. ఆపీమన్నాను." "ఇదిగో, ఆగిపోనాది. కూకున్న సోటనుంచి లెగదు. ఇల్లంతా నాను తుడిసినా ఇదేటని అడగదు. ఆ నోరే నయమే తల్లీ, ఆ తిరుగుడే నయం."

ఢిల్లేశ్వరి అరుగు మీదకొచ్చి వదిన పక్కన కూర్చుంది. సంచీలోంచి చిన్న మూట తీసింది. విచ్చుకుపోయిన కడియం.

"కంసాలి చేత అతికించి తెచ్చేదాన్ని. అడగకుండా చెయ్యాలనిపించలేదు."

"అతికిస్తే మళ్ళీ ఎవలికి తొడగాల? నువ్వు పెద్దదానివైపోనావు కదా." మాటలు ముద్దముద్దగా, ఒక్కొక్కటీ ఆగి ఆగి వచ్చాయి. దమయంతి ఎడమ చేత్తో కడియం అందుకుని, ఇంకా వదలని నల్లదారం కొస పట్టుకుని లాగి చూసింది. "ఎంత గట్టిగా సుట్టినావే. పడిపోతాదని బయపడినాను గదా, నా కోసమే సుట్టినావు."

"నా చేత్తోనే నీకింత చేశాను వదినా."

"ఊరుకో. ఏడిస్తే నాను లెగిసి ఊరుకోబెట్టనేను, ఓపిక నేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇంకోటి సేస్తన్నావట కదా. మీ డాట్రుబాబు సెప్పినాడు. ఈసారి ఈపు లోపల, కిడ్నీ కాడ పెడతారట."

"ఎలకలకి పెట్టి చూస్తున్నాం. మనుషుల మాట ఇంకా చాలా దూరం. అయినా నీకు పెట్టను. ఇంకెప్పుడూ నీ మీద చెయ్యను. ఒట్టు."

దమయంతి తల తిప్పి ఆమెను చూసింది. ఆ చూపు ఢిల్లేశ్వరికి చిన్నప్పటినుంచీ తెలుసు. లెక్క తప్పు చేసినప్పుడు, బడికి పోనని మారాం చేసినప్పుడు చూసే చూపు.

"నా మీద సెయ్యకపోతే, ఎవలి వదిన మీద సేస్తావే?"

ఆ మాట ఢిల్లేశ్వరి లోపలెక్కడో దిగి, అక్కడ కూర్చోనివ్వకుండా తొలిచేస్తోంది. లేచి నిలబడింది. అరుగు దిగింది. ఏం చెయ్యాలో తోచక, గోడకి చేరేసిన చీపురు తీసి వాకిలి ఊడ్వడం మొదలుపెట్టింది. ఈ చివరనుంచి ఆ చివరదాకా ఊడ్చి, వెనక్కి తిరిగి, మళ్ళీ మొదట్నుంచి అందుకుంది.

"ఊడ్సిన వాకిలేనే అది," అంది దమయంతి, అరుగు మీదనుంచి. "మీ అన్న పొద్దున్నే ఊడ్సినాడు. వొచ్చి కూకో."